లారీల వరుసలో ప్రమీలమ్మ పాఠం

ప్రమీలమ్మ బ్రూస్‌పేటలో పాత్రల అంగడి నడిపే విరూపాక్షయ్యకు భార్యగా ఆలూరు నుంచి వచ్చి ముప్పై ఏళ్లు దాటింది. పొడుగూ లావూ ఉన్న మనిషి. గొంతు అంతకన్నా పెద్దది. ఇత్తడి బిందెలూ స్టీలు డబ్బాలూ మోగుతున్నా ఆమె మాట వీధి చివరిదాకా వినిపించేది.

నలభై నాలుగో ఏట గర్భసంచి ఆపరేషన్ అయ్యాక ఆ గొంతు సన్నబడింది. మిద్దె మెట్లు ఎక్కితే ఆయాసం వచ్చేది. కింద కూర్చుంటే లేవడానికి ఎవరైనా చెయ్యి అందించాల్సి వచ్చేది. అప్పుడే కల్యాణ మంటపంలో యోగా శిబిరం పెట్టారు. పక్కింటావిడ బలవంతం చేస్తే సరేనని వెళ్లింది. మొదటి రోజు చివర్లో అందరినీ వెల్లకిలా పడుకోబెట్టారు. ప్రమీలమ్మ పడుకున్న రెండు నిమిషాలకే గురక పెట్టింది.

కళ్లు తెరిచేసరికి మంటపం ఖాళీ. అందరూ చాపలు చుట్టుకొని వెళ్లిపోయారు. నేర్పే కనకప్ప మేష్ట్రు మాత్రం ఒక మూల గోడకు ఆనుకొని కూర్చొని ఉన్నాడు. ఆమెకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

"లేపకూడదా సార్?" అంది.

"లేపాలనే వచ్చినానమ్మా. మొగం చూసి ఊరకున్నా. ఎన్నాళ్లయిందో ఏమో మీరు ఇట్ల నిద్రపోయి" అన్నాడు మేష్ట్రు.

ఆ మాటతో ఆమె మర్నాడు మళ్లీ వెళ్లింది. ఆ తర్వాత మానలేదు. ఏడాది తిరిగేసరికి ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేచి నిలబడింది. ఇంకో ఏడాదికి టీచర్ల మొదటి శిక్షణ పూర్తిచేసి, పొద్దున్నే తమ మిద్దె మీద వీధిలోని ఆడవాళ్లకు నేర్పడం మొదలుపెట్టింది. విరూపాక్షయ్యకు అందులో అభ్యంతరం ఏమీ లేదు. క్లాసు మిద్దె మీదే కాబట్టి అంగడి తెరిచే వేళకు భార్య కిందికి దిగొచ్చేది.

కొన్నేళ్లకు, చిక్కు పెద్ద శిక్షణ దగ్గర వచ్చింది. ఊరి బయట కొండ కింద ఉన్న యోగా కేంద్రంలో కనకప్ప మేష్ట్రే నడిపే శిక్షణ అది. మామూలు ఆసనాలు నేర్పడం వచ్చినవాళ్లకు ఆ పైమెట్టు. ఒంటి లోపల ఏ ఎముక ఎక్కడుంది, ఏ కండ ఎందుకు పట్టేస్తుంది, ఎవరికి ఏది చెప్పాలి, ఎవరికి ఏది చెప్పకూడదు, ఇవన్నీ నేర్పుతారు. సగం రోజు అక్కడే గడపాలి. చివర్లో పరీక్ష ఉంటుంది.

"ఇంట్లో చెప్తానే ఉండావు గదా, చాల్దా? యాభై దాటినాక పరీక్షలేంది ప్రమీలా?" అన్నాడు విరూపాక్షయ్య.

ఆమె జవాబు చెప్పేలోపే కోడలు భవ్య కల్పించుకుంది. "పొద్దున పూట అంగడి నేను చూసుకుంటా మామయ్యా. అత్తమ్మని పోనీండి. నాకు తెలిసి ఆమె తనకోసరమని అడిగింది ఇదొక్కటే."

"సరే, ఆయ్తు" అన్నాడు విరూపాక్షయ్య.

శిక్షణకు వచ్చినవాళ్లలో చాలామంది ఆమె కొడుకు వయసు వాళ్లు. వెనక్కి వంగితే అరచేతులు నేలకు ఆనించేవాళ్లు. తలకిందులుగా నిలబడి తాపీగా మాట్లాడేవాళ్లు. ప్రమీలమ్మకు బీపీ ఉండడంతో శీర్షాసనం జోలికి పోవద్దని మేష్ట్రు మొదటి రోజే చెప్పేశాడు. ఆ ఆసనాన్ని తాను వేయకుండా ఇంకొకరి చేత జాగ్రత్తగా ఎలా వేయించాలో నేర్చుకుంటే చాలన్నాడు. ఆమెకు మొదట్లో మనసు చివుక్కుమంది. నాలుగు రోజులకు సర్దుకుంది.

అసలు కష్టం పేర్లతో వచ్చింది. ఊరు కన్నడ సీమలోది కాబట్టి పాఠం కన్నడంలో, శ్లోకాలు సంస్కృతంలో, కండరాల పేర్లు ఇంగ్లీషులో. ప్రమీలమ్మ చదివింది తెలుగులో పదో తరగతి. మధ్యాహ్నం గిరాకీ లేనప్పుడు అత్తాకోడళ్లిద్దరూ అంగడిలో కూర్చుని అవి వల్లె వేసేవాళ్లు. భవ్య తన నడుం చూపించి "ఇదేంది అత్తమ్మా?" అనేది. ప్రమీలమ్మ పేరు చెప్పేది. తప్పు చెబితే భవ్య చెంచాతో గిన్నె మీద టంగుమని కొట్టేది. మొదటి వారం గిన్నెలు చాలాసార్లు మోగాయి. నెల గడిచాక ఆ మోత తగ్గింది.

శిక్షణ చివరి భాగంలో ప్రతి ఒక్కరూ యోగా ఎరగని మనుషుల్ని కొందరిని వెతుక్కొని, వాళ్లకు తగిన పాఠం తామే తయారుచేసి, కొన్ని వారాలు నేర్పాలి. ఆ క్లాసును చూడ్డానికి మైసూరు నుంచి పరీక్షకురాలు వస్తుంది. తోటివాళ్లు బడినో, బ్యాంకునో, అపార్ట్‌మెంటునో ఎంచుకున్నారు. ప్రమీలమ్మ ఇంకా ఏదీ తేల్చుకోలేదు.

ఆ రోజుల్లోనే దుర్గప్ప అనే లారీ డ్రైవరు అంగడికి వచ్చాడు. దోణిమలై కొండ గనుల నుంచి ఇనుప ఖనిజం తోలే మనిషి. ఇంట్లో శుభకార్యానికి పెద్ద గుండిగ కొన్నాడు. దాన్ని ఎత్తబోయి, సగం వంగి, అలాగే నడుం పట్టుకొని ఉండిపోయాడు.

"ఏమైందప్పా?" అంది ప్రమీలమ్మ.

"కమర్ పట్టేసిందమ్మా. ఇది నా ఒక్కనిదే కాదు. కూరెకుప్ప కాడ మా యార్డుకు వచ్చి చూడు, నిటారుగా నిలబడేటోడు ఒక్కడుండడు."

ఆమె అతన్ని కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, యార్డు ఎక్కడుందో వివరంగా అడిగింది.

సాయంత్రం ఆ సంగతి వినగానే విరూపాక్షయ్య చేతిలో కాఫీ గ్లాసు కింద పెట్టాడు. "లారీ డ్రైవర్ల నడుమ పోయి చాప పరుస్తావా? బజార్లో నలుగురూ ఏమనుకుంటారు?"

"అది నాకెట్ల తెలుస్తుంది? పోయి అడిగి రాండి, నేనూ వింటా" అంది ప్రమీలమ్మ.

విరూపాక్షయ్య ఎవరినీ అడగలేదు. రెండు రోజులు మాత్రం భార్యతో పొడిపొడిగా మాట్లాడాడు.

తోరణగల్లు దారిలో కూరెకుప్ప దగ్గర ఖనిజం లారీలు ఉక్కు ఫ్యాక్టరీలో అన్‌లోడింగు కోసం బారులు తీరి ఆగే చోటది. చెట్టూ చేమా మనిషీ బండీ అన్నీ ఎర్రటి దుమ్ము రంగే. శిక్షణ కేంద్రం వాళ్లిచ్చిన తెల్లబట్టలు వేసుకొని ప్రమీలమ్మ బస్సు దిగింది. దుర్గప్ప టార్పాలిను పరిచి, ముందే పదిహేను మందిని పోగేసి ఉంచాడు. సగం మంది తమాషా చూడ్డానికి వచ్చినవాళ్లే.

మిద్దె మీద చెప్పినట్టే ఇక్కడా మొదలుపెట్టింది. కళ్లు మూసుకొని ఓంకారం చెప్పమంటే వెనక నుంచి ఎవరో లారీ హారను మోగించారు. అందరూ నవ్వారు. ఆమె పట్టించుకోకుండా సూర్య నమస్కారాలకు దిగింది. కొన్ని అయ్యాయో లేదో హొన్నూరుస్వామి అనే డ్రైవరు తూలి, లారీ చక్రం పట్టుకొని కూలబడ్డాడు. ప్రమీలమ్మ గబగబా వెళ్లి అతని తల వంచి కూర్చోబెట్టింది.

"పొద్దున ఏం తిన్నావప్పా?"

"టీ తాగినా."

"రాత్రి?"

"లైన్లో ఉంటిమి. తినేకి కుదర్లే."

మర్నాటి క్లాసుకు ముగ్గురే వచ్చారు. అందులో దుర్గప్ప ఒకడు.

ఆమె కేంద్రానికి వెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పింది. కనకప్ప మేష్ట్రు అంతా విన్నాడు. "పాఠం బాగనే తయారు చేసినారు. ఎవురికోసరం చేసినారు?"

"డ్రైవర్లకోసరమే సార్."

"డ్రైవరు దినమంతా ఎట్ల కూచుంటాడో యాడైనా చూసినారా?"

ప్రమీలమ్మ తల అడ్డంగా ఊపింది. మేష్ట్రు తర్వాతి పనిలో పడ్డాడు.

రెండు రోజుల తర్వాత దోణిమలై మీద గని దగ్గర దుర్గప్ప లారీ ఆగింది. ప్రమీలమ్మ చీర కుచ్చిళ్లు బిగించి, ఒక చేత్తో తలుపు, ఇంకో చేత్తో కడ్డీ పట్టుకొని క్యాబిన్లోకి ఎక్కింది. రెండుసార్లు కాలు జారింది. "వద్దులేమ్మా, బేడ" అంటూనే దుర్గప్ప చెయ్యి అందించాడు.

లోడుతో బండి కొండ దారి దిగుతుంటే ఆమె రోడ్డు చూడలేదు, మనిషినే చూసింది. మలుపు మలుపుకూ ఎడమకాలు క్లచ్చు తొక్కుతోంది. దాంతో నడుం ఒక పక్కకు మెలి తిరుగుతోంది. కిటికీ వైపు భుజం చెవిదాకా లేచి అక్కడే ఉండిపోతోంది. దిగుడు వచ్చినప్పుడల్లా అతని ఛాతీ కదలడం లేదు.

"దుర్గప్పా, ఊపిరి ఇడువు!" అని అరిచింది.

అతను ఉలిక్కిపడి నవ్వాడు. "బిగబట్టినానా? నాకే తెల్దు సూడమ్మా."

తర్వాతి దిగుడులో అతనికి గుర్తుచేయబోయి, తాను కూడా బిగబట్టే ఉన్నానని ఆమె గమనించింది.

యార్డు దగ్గర దిగేసరికి ప్రమీలమ్మ నడుం నిలవలేదు. లారీ పక్క చెక్కను రెండు చేతులా పట్టుకొని, నాలుగడుగులు వెనక్కి జరిగి, వీపు చాచి అలా వంగి ఉండిపోయింది. మెల్లగా ప్రాణం లేచొచ్చింది. ఆ రోజు బస్సులో ఇంటికి వస్తూ దారి పొడవునా పాఠాన్ని మొదటి నుంచి మళ్లీ అల్లుకుంది.

కొత్త పాఠంలో చాప లేదు, కళ్లు మూసుకోవడం లేదు. రాగానే "తిన్నారా?" అని అడిగేది. తినని వాళ్లకు ఆ పూట ఊపిరి వరకే. మిగతావాళ్లు లారీ పక్క చెక్క పట్టుకొని వీపు చాచాలి. ఒక కాలు మెట్టు మీద పెట్టి తుంటి వదులు చేయాలి. భుజాన ఉన్న తువ్వాలునే రెండు చేతుల మధ్య సాగదీసి పైకెత్తాలి. ఊపిరి వదలడం ఎలాగో ఎంత చెప్పినా వాళ్లకు పట్టుబడలేదు. చివరికి ఆమెకు లారీ బ్రేకు చప్పుడు గుర్తొచ్చింది.

"బండి నిలబడినాక బ్రేకు గాలి ఇడుస్తుంది చూడండి, ఉస్సుమని. అట్ల ఇడవండప్పా!"

పదిమంది ఒక్కసారి ఉస్సుమన్నారు. ఆ తర్వాత దాన్ని మళ్లీ చెప్పాల్సిన పని పడలేదు.

మనుషులు పెరిగారు. హొన్నూరుస్వామి కూడా తిరిగొచ్చాడు. ఒకరోజు అతను ఎడమ పాదం తిమ్మిరిగా ఉందని, చెప్పు జారిపోయినా తెలియడం లేదని మాటల్లో అన్నాడు. ప్రమీలమ్మ అక్కడికక్కడే అతన్ని ఆపేసింది.

"నువ్వు ఈ క్లాసు చేసేది లేదు. ఈ పొద్దే పెద్దాసుపత్రికి పో."

"అందరికీ చెప్పి నాకెందుకు చెప్పవక్కా? ఆ పొద్దు పడిపోయినానని కోపమా?"

"కోపం కాదప్పా. ఇది నా చేతిలో ఉండే పని కాదు. యాడికి పంపాల్నో తెలుసుకునేది కూడా మాకు నేర్పినారు. పో, జల్దీ."

అతను మూతి ముడుచుకునే వెళ్లాడు. వెన్నుపూసల మధ్య ఒత్తిడి వచ్చి నరం నలుగుతోందని, ఆలస్యం చేసి ఉంటే కాలు పడిపోయేదని డాక్టరు చెప్పాడు. మందులూ విశ్రాంతీ అయ్యాక హొన్నూరుస్వామి కర్ర పట్టుకొని యార్డుకు వచ్చి, అందరి ముందూ ఆ మాట చెప్పాడు. ఆ రోజు నుంచి ప్రమీలమ్మ క్లాసు జరుగుతుంటే హారను కొట్టినవాడు లేడు.

పరీక్ష రోజు వచ్చింది. మైసూరు నుంచి వచ్చిన పరీక్షకురాలు జుట్టు నెరిసిన మనిషి, తక్కువ మాట్లాడే మనిషి. కనకప్ప మేష్ట్రుతో కలిసి వచ్చి యార్డులో ఒక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. ప్రమీలమ్మ ఆత్రంలో ఏమీ తినకుండానే ఇంటి నుంచి బయల్దేరింది. భవ్య టిఫిను డబ్బా సర్ది మామయ్య చేతికిచ్చి పంపింది. విరూపాక్షయ్య యార్డులో అడుగుపెట్టింది అదే మొదటిసారి. డబ్బా పట్టుకొని ఒక లారీ నీడలో నిలబడ్డాడు.

క్లాసు బాగానే సాగుతోంది. నలభై మంది దాకా ఉన్నారు. వీపులు చాచారు, తువ్వాళ్లు పైకి లేచాయి. సరిగ్గా సగంలో ఉండగా ముందు గేటు దగ్గర విజిలు మోగింది. లైను కదిలింది. ఎవడి బండి కదలకపోతే వాడి వంతు పోతుంది. ఒక్క నిమిషంలో నలభై మందీ తువ్వాళ్లు భుజాన వేసుకొని క్యాబిన్లలోకి ఎక్కేశారు. ఇంజన్లు రొద పెట్టాయి. దుమ్ము లేచింది. యార్డు మధ్యలో ప్రమీలమ్మ ఒక్కతే మిగిలింది.

పరీక్షకురాలు మేష్ట్రు వైపు చూసింది. ఆయన ప్రమీలమ్మ వైపు చూశాడు. విరూపాక్షయ్య డబ్బాను గుండెకు ఆనించి పట్టుకున్నాడు.

ప్రమీలమ్మ ముఖం మీది దుమ్ము కొంగుతో తుడుచుకుంది. తర్వాత లారీల వరుస పక్కన నడవడం మొదలుపెట్టింది.

"క్లాసు అయిపోలేదప్పా! బండి నిలబడినప్పుడే చేయండి. కదిలితే రోడ్డే చూడండి!" ఒకప్పుడు బజార్లో పాత్రల మోత మీద వినిపించిన గొంతు ఇప్పుడు ఇంజన్ల మోత మీద వినిపించింది. "చెన్నప్పా, ఆ భుజం దించు! చెవి కాడ ఏం పని దానికి? నువ్వు, నీలం చొక్కా, స్టీరింగు మింద చెయ్యి వదులుగా పెట్టు. దుర్గప్పా, నడుం ఒక పక్కకు ఒరిగింది, సరిగ్గా కూచో. ఇప్పుడు అందరూ, గాలి ఇడవండి!"

ఒక క్యాబిన్లోంచి ఉస్సుమని వినిపించింది. దాని వెనక ఇంకొకటి. అలా వరుస చివరిదాకా పోయింది. బండ్లు ఒక్కో గజం జరిగి ఆగుతున్నాయి. ఆగినప్పుడల్లా ఆమె చెప్పింది, వాళ్లు చేశారు. పరీక్షకురాలు కుర్చీలోంచి లేచి, చీర అంచు పైకి పట్టుకొని ఆమె వెంట నడిచింది. ఒక బండి దగ్గర ఆగి, పైకి చూస్తూ డ్రైవర్ని కన్నడంలో "ఏను కలితిరి?" అని అడిగింది, ఏం నేర్చుకున్నారని.

అతను కిందికి వంగాడు. "దిగుడులో ఊపిరి బిగబట్టేది మానుకున్నానమ్మా. ఇంటికి పోయినాక పిల్లోళ్ల మింద అరిచేదీ తగ్గింది. అది ఎట్ల తగ్గిందో నాకు తెల్దు."

పక్క వరుసలో కొత్తగా వచ్చిన లారీ డ్రైవరు ఒకడు కిటికీలోంచి తల బయటపెట్టి, నీడలో నిలబడిన విరూపాక్షయ్యను పిలిచాడు. "ఏమన్నా, ఎవురు ఆయమ్మ? అంతమందిని అదిలిస్తాండాది?"

"మా ఇంటామె" అన్నాడు విరూపాక్షయ్య. ఇంజన్ల మోతలో అది వినబడలేదు. మళ్లీ గట్టిగా చెప్పాడు. "యోగా టీచరు. మా ఇంటామె."

ఆఖరి లారీ గేటు దాటాక ప్రమీలమ్మ ఒక రాయి మీద కూర్చుంది. విరూపాక్షయ్య డబ్బా మూత తీసి ఆమె చేతికిచ్చాడు. ఆమె రెండు ఇడ్లీలు తినేసింది.

"పరీక్ష పోయిందేమో. సగం పాఠం కుర్చీకి కనపడనే లేదు" అంది.

"కుర్చీలో ఎవురుండారు ఈడ? ఆయమ్మ నీ యెంటనే నడిచె గదా" అన్నాడు ఆయన.

పరీక్షకురాలు వచ్చి ఆమె పక్కనే ఇంకో రాయి మీద కూర్చుంది. పాఠం ఎలా తయారుచేసిందో, ఏది ఎందుకు పెట్టిందో, ఏది ఎందుకు వదిలేసిందో అడిగింది. కండరాల పేర్లు అడిగింది. ఒకటి రెండు తప్పాయి, మిగిలినవన్నీ ప్రమీలమ్మ చెప్పింది. హొన్నూరుస్వామి సంగతి మేష్ట్రు ముందే చెప్పినట్టున్నాడు, దాన్ని గురించి మాత్రం చాలాసేపు అడిగింది. చివరికి లేస్తూ, "వచ్చే బ్యాచ్‌కు ఈ పాఠం మీరే చెప్పాలి" అని మేష్ట్రు వినేలా అంది. కనకప్ప మేష్ట్రు తల ఊపాడు. ఆయన ముఖం అంత వెలగడం ప్రమీలమ్మ అంతకుముందు చూడలేదు.

పట్టా ఇచ్చే రోజు కేంద్రం బయట ఒక లారీ ఆగింది. చక్రాలదాకా కడిగి, ముందు అద్దానికి బంతిపూల దండ కట్టి ఉంది. దుర్గప్ప, చెన్నప్ప, కర్ర లేకుండా హొన్నూరుస్వామి, ఆ రోజు లోడు వంతు లేని డ్రైవర్లంతా ఉతికిన బట్టలు వేసుకొని దిగారు. టీచరమ్మను తమ బండిలోనే ఇంటికి తీసుకుపోతామన్నారు. విరూపాక్షయ్య ఆటో పిలిచి ఉన్నాడు. ఆ ఆటోను పంపించేసి, భార్యను క్యాబిన్లోకి ఎక్కించి, పక్కన తానూ ఎక్కాడు.

బ్రూస్‌పేట సందుల్లోకి లారీ పట్టదు. మలుపు దగ్గరే దిగి అందరూ నడిచారు. నడిబజార్లో తెల్లచీర కట్టుకున్న ప్రమీలమ్మ, ఆమె వెనక ఇరవై మంది డ్రైవర్లు. బట్టల అంగడి వాళ్లు, సామాన్ల అంగడి వాళ్లు బయటికొచ్చి చూశారు. భవ్య ఎదురొచ్చి అత్తమ్మను కౌగిలించుకుంది. విరూపాక్షయ్య అందరికీ టీ చెప్పాడు. అంగడిలో చోటు చాలక కొందరు గుండిగల మధ్యే కూర్చున్నారు.

చెంబు కొనడానికి వచ్చిన ఒక పెద్దాయన ఆ సందడి చూసి బిత్తరపోయాడు. "ఎవురమ్మా వీళ్లంతా? ఏం కొనేకి వచ్చినారు?"

ప్రమీలమ్మ టీ గ్లాసు కింద పెట్టింది. వాళ్లందరి వైపూ ఒకసారి చూసింది.

"కొనేకి కాదప్పా" అంది, వీధి చివరిదాకా వినిపించేలా. "వీళ్లు నా స్టూడెంట్లు."